మాల్టీసు: అరబ్బీ అచ్చులో ఐరోపా మాటలు

క్రీ.శ. 870లో అగ్లబీ వంశపు సేనలు ఉత్తరాఫ్రికా నుంచి వచ్చి మాల్టా దీవిని బైజాంటైన్ గ్రీకుల చేతుల్లోంచి లాక్కున్నాయి. ఆ తర్వాత అక్కడ ఏం జరిగిందో అల్ హిమ్యరీ అనే అరబ్బు రచయిత తన భూగోళ గ్రంథంలో చెప్పాడు. కోట కూలిపోయింది, ఊరు పాడుబడింది, దీవిలో మనుషులు లేకుండా పోయారు. అప్పుడప్పుడూ వచ్చిపోయేవాళ్ళు మూడు రకాలు. గట్టి కలప దొరుకుతుందని ఓడలు కట్టేవాళ్ళు వచ్చేవారు. రుచిగల చేపలున్నాయని జాలర్లు, తేనె పుష్కలమని తేనె తీసేవాళ్ళు వచ్చేవారు. 1048-49 ప్రాంతంలో మాత్రమే ముస్లింలు కొందరు తమ బానిసలతో సహా వచ్చి, ఊరు మళ్ళీ కట్టుకొని స్థిరపడ్డారని అతని మాట.

దీవి అంత పూర్తిగా ఖాళీ అయిందా అన్నది పురావస్తు పరిశోధకులు వాదించుకునే విషయమే. భాష చెప్పే సాక్ష్యం మాత్రం అల్ హిమ్యరీ వైపే మొగ్గుతుంది. అరబ్బులకు ముందు దాదాపు పదహారు వందల ఏళ్ళపాటు మాల్టాలో ఫినీషియన్లు, కార్తేజ్‌వాళ్ళు, రోమన్లు, గ్రీకులు వరసగా ఉన్నారు. ఇప్పటి మాల్టీసు భాషను ఎంత లోతుకు తవ్వినా వాళ్ళు మిగిల్చిన పొర తగలదు. అడుగున ఉన్నది అరబ్బీయే, అదీ పదకొండో శతాబ్దంలో సిసిలీలో మాట్లాడిన రకం.

సిసిలీకి దక్షిణాన సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ దీవుల మొత్తం విస్తీర్ణం 316 చదరపు కిలోమీటర్లు. సిసిలీని అరబ్బులు 827లో మొదలుపెట్టి ఊరూరా గెలిచారు. 831లో పలెర్మో వాళ్ళ చేతికి వచ్చింది. అక్కడ పుట్టి పెరిగిన అరబ్బీ మాండలికం తర్వాత సిసిలీలోనే అడుగంటిపోయింది. దాని సంతానం చిన్న దీవి మీద బతికిపోయింది. పెద్ద ఊళ్ళో చచ్చిపోయిన మాట పక్కనున్న కుగ్రామంలో బతకడం భాషల చరిత్రలో అరుదేమీ కాదు గానీ, తొమ్మిది వందల ఏళ్ళకు పైగా బతికి ఒక దేశపు జాతీయ భాష కావడం మాత్రం అరుదు.

1091లో నార్మన్ ప్రభువు మొదటి రోజర్ మాల్టా మీదికి దండెత్తి వచ్చాడు. పాలకుడు క్రైస్తవుడైనా ప్రజలు ఒక్కసారిగా మారిపోలేదు. గోజో దీవి మ్యూజియంలో ఒక పాలరాతి ఫలకం ఉంది. మైమూనా అనే యువతి సమాధి రాయి అది. 1174లో చెక్కారు. రోమన్ల కాలపు పాలరాయిని తిరగేసి, వెనకవైపున అందమైన కూఫీ లిపిలో అరబ్బీ చెక్కారు. నార్మన్లు వచ్చి ఎనభై ఏళ్ళు దాటినా దీవిలో చావుపుట్టుకల భాష ఏదో ఆ రాయి తేల్చి చెబుతోంది.

పదమూడో శతాబ్దంలో రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి కాలంలో ముస్లింలను సిసిలీ నుంచి, మాల్టా నుంచి వెళ్ళగొట్టారు. మతం మార్చుకున్నవాళ్ళు ఉండిపోయారు. వాళ్ళు దేవుణ్ణి మార్చుకున్నారు గానీ నాలుకను మార్చుకోలేదు. మాల్టీసు కథలో అసలు మలుపు ఇక్కడే ఉంది. కైరోలోనో ట్యూనిస్‌లోనో వీధిలో ఎలాంటి అరబ్బీ మాట్లాడినా, పైన ఖురాన్ అరబ్బీ ఒకటి ఉంటుంది. చదువుకు, ప్రార్థనకు, ఉత్తరానికి అదే కొలబద్ద. మాల్టాలో ఆ కొలబద్ద తెగిపోయింది. మసీదు లేదు, మదరసా లేదు, అరబ్బీ లిపి నేర్పేవాళ్ళు లేరు. కొత్త మాట కావలసివస్తే చూడవలసింది ఇక ఉత్తరానికే. చర్చి పలెర్మో కింద, పాలన సిసిలీ కింద, వ్యాపారం సిసిలీ రేవులతో.

దాంతో ఒక విచిత్రమైన అమరిక ఏర్పడింది. మాల్టా గట్టి కాథలిక్ దేశం. అక్కడి చర్చిలో ఇవాళ్టికీ దేవుణ్ణి అల్లా అంటారు. ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాస దీక్షను రన్దాన్ అంటారు, రంజాన్ మాసం పేరే అది. ఈస్టరు పండుగ ఈద్ మాటే, పలుకుబడిలో ఐద్ అయింది. క్రిస్మస్ పేరు మిలీద్, అంటే పుట్టుక, మన హైదరాబాదులో జరుపుకొనే మిలాద్ ఉన్నబీలోని మిలాదే. గుడికి క్నీస్యా, పూజారికి అస్సీస్. ఇవన్నీ అరబ్బీ మాటలే. అరబ్బీ మాట్లాడే క్రైస్తవులు తూర్పు దేశాల్లో వాడే మాటలు కొన్ని ఇందులో ఉన్నాయి. ముస్లిం మాటకు క్రైస్తవ అర్థం కట్టబెట్టినవి మరికొన్ని. పోప్ అధికారాన్ని ఇంత నమ్మకంగా ఒప్పుకునే జాతి దేవుణ్ణి ఈ పేరుతో పిలవడం చూసి ఐరోపా యాత్రికులు తరతరాలుగా ఆశ్చర్యపోతూనే ఉన్నారు. మాల్టావాళ్ళకు అందులో ఆశ్చర్యం లేదు, అమ్మ నేర్పిన పేరు అది.

ఈ భాషకంటూ ఒక పేరు కాగితం మీద కనబడేది 1436లో. ఒక వీలునామాలో లాటిన్‌లో దాన్ని మాల్టా భాష అని రాశారు. అంటే అప్పటికే అది అరబ్బీ కాదు, వేరే ఒకటి అనే స్పృహ వచ్చిందన్నమాట. మరి ఆ భాషలోనే రాసిన మొదటి సాహిత్యం ఏది? 1966 దాకా ఎవరికీ తెలియదు. చరిత్రకారుడు గాడ్‌ఫ్రీ వెట్టింజర్, డొమినికన్ సన్యాసి మికీల్ ఫ్సాద్ని వలెట్టాలోని పాత నోటరీ దస్తావేజులు తిరగేస్తుండగా, పదహారో శతాబ్దపు ఒక రిజిస్టరులో ఇరవై పాదాల పద్యం బయటపడింది. దాన్ని 1968లో ప్రచురించారు. దాని పేరు కాంటిలేనా. రాసినవాడు పీట్రు కషారు, న్యాయాధికారిగా పనిచేసి 1485లో చనిపోయినవాడు. కట్టుకున్న ఇల్లు పునాది తప్పి కూలిపోయిందన్న దుఃఖం ఆ పద్యంలో కనిపిస్తుంది. అతని వంశంలోని నోటరీ బ్రాందాను కషారు తన రిజిస్టరులో దాన్ని ఎక్కించి పెట్టకపోతే అది మనకు మిగిలేది కాదు. ఆ పద్యంలోని మాటలు దాదాపు అన్నీ అరబ్బీ మూలం నుంచి వచ్చినవే. అంటే పదిహేనో శతాబ్దపు చదువుకున్న పెద్దమనిషి నోటి భాష కూడా ఇంకా అంత అరబ్బీగానే ఉండేది. సిసిలియన్ మాటల వరద అప్పటికి మొదలైనా ఇంకా మోకాలి లోతే.

వరద పెరిగింది 1530 తర్వాత. స్పెయిన్ రాజు, పవిత్ర రోమన్ చక్రవర్తి అయిన ఐదో చార్లెస్ ఆ ఏడాది మాల్టాను సెయింట్ జాన్ వీరసన్యాసులకు అప్పగించాడు. ఏడాదికి ఒక డేగ కప్పం. రోడ్స్ దీవి నుంచి తుర్కులు తరిమేసిన ఈ వీరుల సంఘం భాషలవారీగా విడిపోయి ఉండేది. ప్రొవాన్స్, ఓవెర్న్, ఫ్రాన్స్, ఇటలీ, ఆరగాన్, ఇంగ్లండ్, జర్మనీ, తర్వాత కాస్తీల్ అంటూ ఒక్కో శాఖను ఒక్కో నాలుక అనే పిలిచేవారు. ఇంతమంది కలిసి మాట్లాడుకోవడానికి, దస్తావేజులు రాసుకోవడానికి ఇటాలియన్ స్థిరపడింది. 1565లో తుర్కుల మహా ముట్టడిని తట్టుకున్నాక, 1566లో వలెట్టా నగరానికి పునాది వేశారు. కోట గోడలకు, చర్చిలకు, భవనాలకు సిసిలీ నుంచి పనివాళ్ళు, వ్యాపారులు, సైనికులు దిగారు. రేవు చుట్టూ పెరిగిన పట్టణాల్లో రెండు భాషలూ ఒకే ఇంట్లో కాపురం పెట్టాయి.

ఆ ఇంట్లో ఏ గది ఎవరికి దక్కిందో చూస్తే చరిత్ర వరస తెలుస్తుంది. కత్తికి సిక్కీనా, చెంచాకు మార్ఫా, ఇవి అరబ్బీ. ఫోర్కుకు ఫుర్కెట్టా, ఇది ఇటలీ మాట. భోజనంలో ఫోర్కు వాడకం ఐరోపాలోనే ఆలస్యంగా వచ్చింది, పేరును వెంట తెచ్చుకుంది. రొట్టెకు హొబ్స్, పాలకు హలీబ్ అరబ్బీవి. రొట్టె కాల్చి అమ్మేవాడు ఫుర్నార్, సిసిలీవాడు. వారాలన్నీ అరబ్బీ పేర్లు, శుక్రవారం ఇప్పటికీ జుమ్మా అనే మాటే. నెలలన్నీ ఇటలీ పేర్లు. తెలుపు, నలుపు, ఎరుపు, పచ్చ, పసుపు అరబ్బీ. నీలం, ఊదా, గోధుమ, గులాబి, బూడిద రంగులు ఐరోపావి. చేపలు పట్టేవాడు, కమ్మరి అరబ్బీ పేర్లతో ఉన్నారు. వడ్రంగి, మంగలి, వకీలు సిసిలీ, ఇటలీ పేర్లతో ఉన్నారు.

చుట్టరికాల దగ్గర తెలుగువాళ్ళు కాస్త ఆగి చూడాలి. అరబ్బీలో మన భాషలాగే తండ్రి తమ్ముడు వేరు, తల్లి తమ్ముడు వేరు. బాబాయిని మామయ్యను ఒకే మాటతో పిలవడం కుదరదు. మాల్టీసు ఆ తేడాను వదిలేసింది. సిసిలీ నుంచి వచ్చిన జియు, జియా అనే మాటలు అన్ని రకాల మామలకూ అత్తలకూ పిన్నులకూ సరిపోయాయి. తాతకు నన్ను, నాయనమ్మకు అమ్మమ్మకు నన్నా. తల్లి మాత్రం ఒమ్, కొడుకు, కూతురు, అన్న, అక్క అరబ్బీలోనే ఉన్నారు. తండ్రిని మాత్రం మిస్సీర్ అంటారు, ఇది ఒకప్పటి ఇటలీలో అయ్యగారు అని గౌరవంగా పిలిచే మాట. ఇంటి యజమాని పేరు దొరల భాషలోకి మారింది, ఇంటి ఇల్లాలి పేరు మారలేదు. ఏ రకం ఇళ్ళల్లో ఏ రకం పెళ్ళిళ్ళు జరిగాయో చెప్పే దస్తావేజు లాంటిది ఈ ఒక్క వాడుక.

ఊళ్ళ పేర్లదీ అదే తీరు. పాత రాజధాని ఇమ్దినా అంటే అరబ్బీలో నగరం, మన మదీనాయే. దాని వెలుపలి పేట రబాత్. రేవును మర్సా అంటారు, ఆగ్నేయపు గాలి పేరు కలిపి మర్సాష్లొక్. వలెట్టాను విదేశీయులే వలెట్టా అంటారు. మాల్టావాళ్ళకు అది ఇల్-బెల్ట్, అంటే పట్నం, అరబ్బీ మాటే. వీరసన్యాసులు మొదట దిగిన బిర్గు మాత్రం ఇటలీ వాడుక.

సుమారు నూటికి ఎన్ని మాటలు ఎక్కడివి? ఆచార్య జోసెఫ్ అక్విలీనా 1987-90 మధ్య వెలువరించిన పెద్ద నిఘంటువులోని 41,000 మాటలను భాషా చరిత్రకారుడు జోసెఫ్ బ్రింకాత్ లెక్కకట్టాడు. సిసిలియన్, ఇటాలియన్ మూలాలవి 52 శాతం, అరబ్బీవి 32 శాతం, ఇంగ్లీషువి 6 శాతం. ఈ అంకెలు చూపించి, మాల్టీసు సగం ఇటాలియన్ అనేవాళ్ళున్నారు. అది పొరపాటు. నిఘంటువులో ప్రతి మాటకూ ఒకటే విలువ, నోట్లో అలా కాదు. నేను, నువ్వు, ఇది, అది, లో, మీద, ఒకటి, రెండు, తిను, వెళ్ళు, నీళ్ళు, ఇల్లు, చేయి, కన్ను, ఇలా రోజంతా దొర్లే మాటలు అరబ్బీవే.

మాటల లెక్క కన్నా ముఖ్యమైనది వాటిని పోసిన అచ్చు. అరబ్బీలో మాట మూడు హల్లుల ఎముక మీద నిలబడుతుంది, అచ్చులు మారిస్తే అర్థం మారుతుంది. మాల్టీసులో క, త, బ అనే మూడు హల్లులతో కితెబ్ అంటే రాశాడు, క్తీబ్ అంటే పుస్తకం, కొత్బా అంటే పుస్తకాలు, కిత్తీబ్ అంటే రచయిత, మిక్తూబ్ అంటే రాసినది. కితాబు అనే మాట ఎరిగిన తెలుగువాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. దునియా, హక్కు కూడా అక్కడ దిన్యా, హఅ అనే రూపాల్లో దొరుకుతాయి. ఆసక్తి కలిగించేది అసలు అరబ్బీ మాటల సంగతి కాదు, బయటినుంచి వచ్చినవాటికి ఈ అచ్చు ఏం చేసిందన్నది. కుక్క కెల్బ్, కుక్కలు క్లీబ్, ఇది అచ్చమైన అరబ్బీ బహువచనం. పాముకు ఇటలీ నుంచి సెర్ప్ అనే మాట వచ్చింది. పాములు? స్రీప్. కెల్బ్ నడిచిన దారినే సెర్ప్ నడిచింది. ఫుర్కెట్టాకు బహువచనం ఫ్రీకెత్. ఇంగ్లీషు కెటిల్ మాల్టా వంటింటికి వచ్చి కిత్లా అయింది, రెండుంటే క్తీలి. ఇటాలియన్, ఇంగ్లీషు మాట్లాడేవాడు ఈ రూపాలు వింటే తన ఊరి మాట అని పోల్చుకోలేడు.

క్రియలకు వస్తే ఇంకా చిత్రం. పొగాకు గొట్టానికి ఐరోపాలో పిపా అని పేరు. మాల్టీసు దాన్నుంచి ప, య, ప అనే మూడు హల్లులు పిండుకొని పేయ్యెప్ అనే క్రియ చేసింది, అంటే పొగ తాగాడు. పొగ తాగవద్దని రాసే బోర్డు మీద త్పేయ్యిప్ష్ అని ఉంటుంది. ముందు చేరిన త, చివర కాదు అని చెప్పే ష్, నడుమ మలచిన తీరు, మూడూ అరబ్బీ పద్ధతే, ఎముక మాత్రం ఐరోపాది. ఇది ఎదురుదారిలో కూడా నడిచింది. షెమ్ష్ అంటే సూర్యుడు, అరబ్బీ. వడదెబ్బను షెమ్షాతా అంటారు, తోక ఇటలీది. ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లీషు మాటలకు ఇంత లోతైన మలచడం సాధారణంగా జరగలేదు గానీ, వాటికీ దారి దొరికింది. కారు పార్క్ చేశాడు అంటే ఇప్పార్క్యా. నేను పార్క్ చేస్తాను అంటే నిప్పార్క్యా. నేను పార్క్ చేయలేదు అంటే మా ప్పార్క్యాయ్త్‌ష్. నడుమ లండన్ మాట, మొదట్లో సిసిలియన్ క్రియల నుంచి నేర్చిన హల్లు రెట్టింపు, రెండు కొసలా అరబ్బీ. ఒకే ఒక్క చిన్న వాక్యంలో దీవి మీద ఏలిన మూడు శకాలు పేర్చి ఉన్నాయి.

మరి అరబ్బులకు ఇది అర్థమవుతుందా? 2016లో వెలువడిన ఒక పరిశోధన ఈ ప్రశ్నను పరీక్షలు పెట్టి చూసింది. ట్యునీసియా, లిబియా అరబ్బీలో చెప్పిన వాక్యాల్లో మాల్టావాళ్ళకు బోధపడింది మూడో వంతు కన్నా తక్కువ. మాల్టీసు వాక్యాల్లో ఆ దేశాలవాళ్ళకు బోధపడింది 40 శాతం దాకా. చుట్టరికం ఉంది, రాకపోకలు తగ్గిపోయాయి.

ఆ చుట్టరికాన్ని ఒప్పుకోవడానికి మాల్టావాళ్ళకే చాలాకాలం మనసొప్పలేదు. తుర్కులతో, ఉత్తరాఫ్రికా ఓడదొంగలతో నిత్యం పోరాడే దీవి. క్రీ.శ. 60 ప్రాంతంలో ఓడ పగిలి సెయింట్ పాల్ తమ ఒడ్డుకే చేరాడని, అప్పటినుంచీ తాము క్రైస్తవులమేనని వాళ్ళ విశ్వాసం. అలాంటివాళ్ళు తమ నాలుక మీద శత్రువు భాష ఉందని ఎలా ఒప్పుకుంటారు? దారి ఒకటి దొరికింది. ఇది అరబ్బీ కాదు, అంతకన్నా పురాతనమైన ఫినీషియన్ల, కార్తేజ్‌వాళ్ళ ప్యూనిక్ భాష అన్నారు. గోజో పండితుడు, చర్చి అధికారి అజియుస్ డి సోల్దానిస్ 1750లో ఆ పేరుతోనే వ్యాకరణం అచ్చు వేయించాడు. ఆ వాదానికి ఊతమిచ్చే సంఘటన ఒకటి తర్వాత నిజంగానే జరిగింది. మాల్టాలో దొరికిన జంట పాలరాతి స్తంభాల మీద ఫినీషియన్, గ్రీకు రెండింటిలోనూ శాసనం ఉంది. ఫ్రెంచి పండితుడు బార్తెలెమీ 1758లో వాటి ఆధారంగా ఫినీషియన్ లిపిని ఛేదించాడు. వాటిలో ఒకటి ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో, ఒకటి వలెట్టాలో ఉన్నాయి. ఒక భాష చదవడానికి తాళంచెవి అందించిన దీవి ఆ భాష తనదేనని అనుకోవడంలో వింత లేదు. జర్మన్ పండితుడు విల్హెల్మ్ గెసేనియుస్ 1810లో ఇది అరబ్బీ సంతానమేనని తేల్చి రాసినా, ప్యూనిక్ వాదం ఇరవయ్యో శతాబ్దం దాకా రాజకీయ వేదికల మీద వినబడుతూనే వచ్చింది.

ప్యూనిక్ అని నమ్మినవాళ్ళలోనే ఈ భాషకు అందరికన్నా ఎక్కువ మేలు చేసినవాడు ఒకడున్నాడు. పేరు మికీల్ అంటోన్ వస్సల్లి, 1764లో జెబ్బుజ్ అనే ఊళ్ళో పుట్టాడు. 1791లో వ్యాకరణం, 1796లో నిఘంటువు ప్రచురించాడు. ఆ నిఘంటువు ముందుమాటలో మాల్టా జాతిని ఉద్దేశించి, పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని కోరాడు. చదువంటే ఇటాలియన్, లాటిన్ అనుకునే కాలమది. వీరసన్యాసుల పాలన మీద కుట్ర చేశాడని 1797లో జైల్లో పెట్టారు. తర్వాత దేశం విడిచి ఫ్రాన్స్, స్పెయిన్లలో దాదాపు ఇరవై ఏళ్ళు గడిపి, 1820లో జబ్బుమనిషిగా తిరిగొచ్చాడు. అప్పటికి బ్రిటిష్ పాలన. మాల్టాలో స్థిరపడిన ఇంగ్లీషు కవి హూక్‌హమ్ ఫ్రియర్ సాయంతో 1825లో విశ్వవిద్యాలయంలో మొట్టమొదటి మాల్టీసు ఆచార్యుడయ్యాడు. 1827లో కొత్త వ్యాకరణం, 1828లో సామెతల సంపుటం తెచ్చాడు. సువార్తలను మాల్టీసులోకి తర్జుమా చేశాడు. 1829లో చనిపోతే కాథలిక్ శ్మశానంలో చోటు ఇవ్వలేదు, ప్రొటెస్టెంట్ల తోటలో పూడ్చారు. ఇప్పుడు అతణ్ణి మాల్టీసు భాషకు తండ్రి అంటారు. బతికుండగా ఆ మాట అతనికి ఎవరూ చెప్పలేదు.

బ్రిటిష్ వాళ్ళు 1800లో వచ్చారు, 1814 నాటి పారిస్ సంధితో దీవి పూర్తిగా వాళ్ళదైంది. కోర్టులో, చర్చిలో, విశ్వవిద్యాలయంలో ఇటాలియన్ అలాగే ఉంది. రేవులో, నౌకల మరమ్మతు కర్మాగారంలో ఇంగ్లీషు మొదలైంది. 1880లో బడుల తీరు పరిశీలించడానికి వచ్చిన పాట్రిక్ కీనన్ తన నివేదికలో బడిని మాల్టీసుతో మొదలుపెట్టి ఇంగ్లీషుకు తీసుకుపోవాలని, ఇటాలియన్‌ను పక్కన పెట్టాలని సూచించాడు. అక్కడినుంచి అరవై ఏళ్ళు నడిచిన గొడవను మాల్టా చరిత్రలో భాషా సమస్య అంటారు. వకీళ్ళు, చర్చి పెద్దలు ఇటాలియన్ వైపు, సామ్రాజ్యంలో ఉద్యోగాలు కోరేవాళ్ళు ఇంగ్లీషు వైపు చేరారు. మాల్టీసును రెండు పక్షాలూ చాలాకాలం కూలివాళ్ళ భాషగానే చూశాయి. ఇందులోని అన్యాయం కోర్టుగదిలో కొట్టొచ్చినట్టు కనబడేది. ముద్దాయి మాల్టీసే ఎరిగినవాడు, అతనికి శిక్ష వేసే విచారణ ఇటాలియన్‌లో.

మొగ్గు తిప్పింది రచయితలు. 1920లో మాల్టీసు రచయితల సంఘం ఏర్పడింది. ఎవరికి తోచినట్టు వాళ్ళు రాసుకుంటున్న లిపికి 1924లో ఒక పద్ధతి ఇచ్చింది. ఆ పనిలో ముందు నిలిచినవాళ్ళలో వైద్యుడు నీను క్రెమోనా ఒకడు. లాటిన్ అక్షరాలే, మొత్తం 30, కొన్నిటికి చుక్కలు, అడ్డగీతలు. అరబ్బీలోని ఐన్, గైన్ ధ్వనులు నోటి నుంచి జారిపోయినా వాటి చోటును చూపే జంట అక్షరాన్ని మాత్రం నిలబెట్టారు. మూలధాతువు కనబడాలన్న పట్టుదల అది. అంతవరకూ ఇటాలియన్‌లో రాసిన పూజారి కవి దున్ కార్మ్ 1912లో మాల్టీసుకు మారాడు. 1922లో బడిపిల్లల కోసం ఆయన రాసిన ప్రార్థనే తర్వాత జాతీయ గీతమైంది. 1934లో మాల్టీసుకు ఇంగ్లీషుతోపాటు అధికార హోదా వచ్చింది, కోర్టుల్లో ఇటాలియన్ స్థానంలో అదే కూర్చుంది. 1940 జూన్ 11న ముస్సోలినీ విమానాలు మాల్టా మీద బాంబులు కురిపించడంతో ఇటాలియన్ పక్షం నోరు పడిపోయింది. ఇటలీ అభిమానులని నలభై మందికి పైగా మాల్టావాళ్ళను బ్రిటిష్ ప్రభుత్వం 1942లో ఉగాండాకు తరలించింది. వాళ్ళలో ఎన్రికో మిజ్జి కూడా ఉన్నాడు. 1950లో ఆయనే ప్రధాని అయ్యాడు.

1964లో స్వాతంత్ర్యం వచ్చింది. జాతీయ భాష మాల్టీసు, అధికార భాషలు మాల్టీసు, ఇంగ్లీషు అని రాజ్యాంగంలో రాసుకున్నారు. 2004 మే 1న మాల్టా ఐరోపా సమాఖ్యలో చేరడంతో, అరబ్బీ గర్భాన పుట్టిన భాష ఒకటి ఐరోపా అధికార భాషల్లో మొదటిసారి చేరింది. చట్టాలన్నీ అనువదించడానికి సరిపడా అనువాదకులు లేక, 2007 దాకా గడువు తీసుకోవలసి వచ్చింది. 2005లో ఏర్పడిన జాతీయ భాషా మండలి ఇప్పుడు స్పెల్లింగు తగవులు తీరుస్తోంది. ఇంగ్లీషు మాటను మాల్టీసు పద్ధతిలో రాయాలా, ఇంగ్లీషులో ఉన్నట్టే రాయాలా అన్నది వాటిలో పెద్దది.

ఇది చిన్న తగవు కాదు. సెర్ప్‌ను స్రీప్ చేసిన కాలంలో మాట్లాడేవాళ్ళలో చాలామందికి ఇటాలియన్ చదవడం రాదు. మాటను చెవితో విని తమ అచ్చులో పోసుకున్నారు. ఇప్పటివాళ్ళకు ఇంగ్లీషు చదవడం, రాయడం వచ్చు. మాట దాని అసలు ఉడుపులతోనే వచ్చి అలాగే ఉండిపోతోంది. లెక్కలు, సైన్సు ఇంగ్లీషులో చదివిన పిల్లలు అంకెలు ఇంగ్లీషులోనే చెబుతారు. కంప్యూటర్ల ప్రపంచంలో ఈ భాష వెనకబాటు కూడా తెలిసినదే. ఐరోపా భాషల సాంకేతిక వనరుల మీద 2012లో వెలువడిన నివేదిక ఐస్లాండిక్, లాత్వియన్, లిథువేనియన్‌లతోపాటు మాల్టీసును అట్టడుగు వరసలో పెట్టింది. సిసిలీ మాటలు వేలకు వేలు వచ్చిపడినా మాల్టీసుకు ముప్పు రాలేదు, ఎందుకంటే వాటిని వాడినవాళ్ళు మాల్టీసులో వాక్యం కట్టారు. వాక్యం కట్టడమే ఇంగ్లీషులో మొదలైతే ముప్పు.

2021 జనాభా లెక్కల ప్రకారం మాల్టాలో ఉన్న 5.19 లక్షల మందిలో అయిదో వంతుకు పైగా విదేశీయులు. వాళ్ళలో భారతీయులది పెద్ద సముదాయాల్లో ఒకటి. ఆసుపత్రుల్లో, హోటళ్ళలో, డెలివరీ బండ్ల మీద పనిచేసే ఈ కొత్తవాళ్ళకూ స్థానికులకూ మధ్య నడిచేది ఇంగ్లీషే, అందువల్ల దుకాణంలో మాల్టీసు వినబడటం తగ్గిందని అక్కడివాళ్ళు బాధపడుతున్నారు. ఆ బాధ న్యాయమైనది. ఉద్యోగానికో చదువుకో మాల్టా వెళ్ళే తెలుగువాళ్ళు ఇంగ్లీషుతో సరిపెట్టుకోకుండా ఆ భాష నేర్చుకోవాలి. దునియా, కితాబు, హక్కు తెలిసినవాళ్ళకు మొదటి పాఠం కష్టం కాదు, నేర్పే తరగతులు అక్కడ ఉన్నాయి.